తగువు గోడ

“ఆ గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్ళు. నీ చేత్తో ఇచ్చింది నా గొంతు దిగదు.”

చిన్నకోడలు కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. వెళ్ళమన్నా వెళ్ళలేదు.

వీధి వైపు వాటాలో ఉండే అక్క, బావగారి భార్య, ఆస్పత్రి నుంచి చీర మార్చుకోవడానికి వచ్చింది. విడిచిన చీరకి సున్నమూ రక్తమూ కలిసి అట్టకట్టాయి. దాన్ని నానబెట్టాలో పారెయ్యాలో తేలక, ఉండచుట్టి చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది.

“బావగారు కళ్ళు తెరిచారా అక్కా?”

“తెరిస్తే నేనిక్కడెందుకుంటాను?”

“డాక్టరుగారు...”

“సాయంత్రం దాకా ఏ మాటా చెప్పనన్నాడు. కాళ్ళ సంగతి తరవాత, ముందు మనిషి సంగతి చూద్దామన్నాడు. చాలా? ఇంకా కావాలా? రాసుకుని వెళ్ళి మీ బడిపిల్లలకి పాఠం చెప్పుకో.”

చిన్నకోడలు బడిలో సోషల్ టీచరు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఇద్దరూ నిలబడ్డ చోటు నుంచి చూస్తే హాలు కనిపిస్తోంది. హాలంటే ఇప్పుడు సగం హాలు, సగం ఆకాశం. పై అంతస్తు నేల కిందికి వేలాడుతోంది. ఇటుకలూ పెంకులూ విరిగిన కుర్చీలూ ఒకే గుట్టగా పడి ఉన్నాయి. వాటికి అడ్డంగా పెద్ద దూలం ఒక కొన నేలకానించి, రెండో కొన గోడలోనే ఉంచుకుని వాలి పడుకుంది. ఆ దూలం కిందినుంచే నిన్న ఉదయం బావగారిని బయటికి లాగారు.

ఆ దూలం గురించి ఆ ఇంట్లో ఎన్ని గొప్పలు చెప్పుకునేవారో! మేడ కట్టించిన ముత్తాత ఓడల వ్యాపారి. ఎక్కడో దేశంకాని దేశంలో ఒక్కటే మాను చూసి మనసుపడి, ఓడకి కట్టి ఈడ్పించి తెచ్చాడట. హాలు మధ్యలో స్తంభం లేకుండా కట్టాలని ఆయన పంతం. ఎదురింటివాళ్ళ హాల్లో స్తంభాలున్నాయి మరి. సముద్రం మీద వచ్చేవాళ్ళకి ఊరు కనిపించకముందే ఈ మేడ తెల్లగా కనిపించేదట. దీన్ని గురుతు పెట్టుకునే ఓడలు రేవులోకి తిప్పేవాళ్ళు. అందుకే దీనికి ఓడ మేడ అని పేరు. ఆ పేరు చెప్పుకునే వ్యాపారం రెండు తరాలు నడిచింది.

ముత్తాత పోయాక ఆయన కొడుకులిద్దరూ తగువుపడ్డారు. అలాంటిలాంటి తగువు కాదు. అంత హాలుకీ నడుమ నేల నుంచి దూలం దాకా గోడ లేపేశారు. వీధి వైపు అన్నది, సముద్రం వైపు తమ్ముడిది. అప్పటినుంచీ అది తగువు గోడ. ఎందుకు తగువుపడ్డారని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవారు. బావి దగ్గరని ఒకరు, అద్దాల దీపం ఎవరిదన్న మాట మీదని ఒకరు, ఆడవాళ్ళ మధ్య వచ్చిందని ఇంకొకరు. కారణం ఎవరికీ సరిగ్గా తెలియకపోయినా కోపం మాత్రం అందరికీ బాగా తెలుసు. మనవల కాలం వచ్చేసరికి ఒక వాటాలో పెళ్ళయితే రెండో వాటావాళ్ళు తలుపులు మూసుకునేవారు.

అలాంటి ఇంట్లో చిన్నకోడలుగా కాలుపెట్టి, రెండు వాటాలనీ కలిపింది ఈ సోషల్ టీచరే. పక్క వాటా అక్కకి జ్వరమొస్తే వెళ్ళి తలపట్టి కూర్చుంది. బావగారి చేత తన మొగుణ్ణి ‘తమ్ముడూ’ అని పిలిపించింది. ఆ తరవాత ఒకనాడు, “ఇంకా ఈ గోడెందుకు? పడగొట్టేద్దాం. ముత్తాతగారి కాలంలో హాలెలా ఉండేదో అలా చేద్దాం” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటిల్లిపాదీ తలో దెబ్బ వెయ్యాలనీ, ఆఖరి దెబ్బ పెద్దవాడు కాబట్టి బావగారు వెయ్యాలనీ ముచ్చటగా అనుకున్నారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, గోడ పడగొట్టి చూడమని మాత్రం చెప్పలేదు.

“అక్కా, ఒక్క మాట...”

“నాతో నువ్వు ఒక్క మాట కాదు కదా, అర మాట కూడా ఆడొద్దు” అంది అక్క. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చిన్నకోడలికి కాస్త తేలికగా ఉండేది. “మధ్యాన్నం ఎస్సై వస్తాడుట. గోడ పడగొట్టమన్నది ఎవరని అడుగుతాడు. నేను ఉన్నదున్నట్టు చెప్తాను. తరవాత నా మీద నిష్ఠూరపడకు.”

“పడనక్కా.”

అక్క చీర ఉండని బకెట్లో పడేసి వెళ్ళిపోయింది. కాఫీ అక్కడే చల్లారిపోయింది.

*

ఇంజనీరు టోపీ పెట్టుకుని దూలం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేలకానిన కొన దగ్గర కూర్చుని, జేబులోంచి టార్చి తీసి వేసి చూశాడు. చిన్నకోడలూ ఆమె భర్తా దూరంగా నిలబడ్డారు.

“ఇదిగో, ఇటు రండి. భయంలేదు. ఇది చూశారా?” అన్నాడు ఇంజనీరు. దూలం అడుగున ఒక బీట పొడుగునా నల్లగా ఉంది. దాని మీద మూడు ఇనప పట్టీలు బిగించి ఉన్నాయి, తుప్పుపట్టి. “ఇది నిన్న పడ్డ బీట కాదు. నిన్న విరిగిన చోట చెక్క తెల్లగా ఉంది, చూడండి. ఇది నల్లబడిపోయింది. తాతలనాటిది.”

“అంటే?” అంది చిన్నకోడలు.

“అంటే దూలం ముందు విరిగింది, గోడ తరవాత లేచింది. పట్టీల మీద గోడ సున్నం అంటుకుని ఉంది. మీ గోడ అడ్డుగోడ కాదమ్మా. పైనున్న బరువంతా మోస్తున్నది అదే. దాన్ని తీసేస్తే ఇంక ఏముంటుంది?” ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. “ఇంట్లో పెద్దవాళ్ళెవరూ చెప్పలేదా?”

“ఎవరికీ తెలీదండీ” అన్నాడు భర్త.

“సరే. మెట్ల వైపు గదులు తప్ప మిగతావన్నీ ఖాళీ చెయ్యండి. ఇటుగా ఎవరూ రాకూడదు.”

ఇంజనీరు వెళ్ళాక భార్యాభర్తలిద్దరూ వరండాలో మిగిలారు. ఎదురుగా సముద్రం ఏమీ ఎరగనట్టు ఎండలో మెరుస్తోంది.

“ఎస్సై వస్తే నువ్వేమీ మాట్లాడకు” అన్నాడు భర్త. “అందరం కలిసి పడగొట్టాం. ఎవరికీ తెలీదు. అంతే.”

“నా ఆలోచనే కదండీ. అక్క ఎలాగూ చెప్తుంది.”

“చెప్పనీ. నీకు మాత్రం ఏం తెలుసని? ఆఖరి దెబ్బ వేసింది అన్నయ్యే కదా.”

“బావగారి మీదికి తోసేస్తారా?”

“తోసెయ్యడం ఏముంది? జరిగింది చెప్తున్నాను.” అతను హార్బరులో క్లియరింగ్ ఏజెంటు. సరుకు ఎవరిదైనా సరే, తన చేతికి మట్టి అంటకుండా గేటు దాటించడం అతనికి అలవాటైన పని. “చూడు, జరిగిందేదో జరిగిపోయింది. ఇంక ఈ కొంపలో ఎవరూ ఉండలేరు. ఈ స్థలం కొంటామని హోటలువాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఇన్నాళ్ళూ అన్నయ్య అడ్డంపడ్డాడు. ఇప్పుడు లేచి కూర్చున్నా కాదనలేడు.”

“ఆయన ప్రాణం మీదికొస్తే మీకు హోటలు గుర్తొచ్చిందా?”

భర్త ఆమె వైపు జాలిగా చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. “నీకు మనసు బాగాలేదు. అందుకే పొద్దున ఆ వీడియో కూడా చెరిపేశాను. చూసుకున్నకొద్దీ నీకే బాధ.”

ఆ వీడియో తీసింది తనే. చెరిపేసినా కళ్ళు మూసుకుంటే కనిపిస్తూనే ఉంది. తన ఫోనులో ఛార్జింగ్ అయిపోతే భర్త ఫోను తీసుకుని మొదటినుంచీ తీసింది. అక్క నవ్వుతూ సమ్మెట ఎత్తలేక బావగారి మీద పడబోవడం. సున్నం పొడి మొహాలతో అందరూ దయ్యాల్లా ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం. ఆఖరున అందరూ వెనక్కి జరిగి చోటిస్తే, బావగారు చొక్కా చేతులు మడిచి ముందుకు రావడం. “ఏమండీ, మీరూ పక్కన నిలబడండి, వీడియోలోకి రండి” అని తను పిలిస్తే, భర్త వరండా గుమ్మం దగ్గర నుంచే చెయ్యి ఊపి, “కానివ్వండి, కానివ్వండి” అన్నాడు. ఆ తరవాత సమ్మెట లేచింది.

మేడత్త మాత్రం అందులో లేదు. ఆవిడ గోడని తాకనంది.

*

మేడత్త వీధి వాటా తాతగారి కూతురు. పెళ్ళి లేదు. మేడ మీద, మెట్ల పక్క గదిలో ఒక్కతే ఉంటుంది. ఒక పూట ఈ వాటాలో తింటే ఒక పూట ఆ వాటాలో తింటుంది. తగువు గోడకి అటూ ఇటూ తిరగగలిగిన ఒకే ఒక్క మనిషి కాబట్టి, వరసలతో పనిలేకుండా పెద్దా చిన్నా అందరికీ ఆవిడ మేడత్తే.

గోడ పడగొట్టే మాట ఎత్తినప్పటినుంచీ ఆవిడ వద్దనే అంది. ఎందుకంటే చెప్పదు. ఒకసారి దుమ్ము అంటుంది, ఒకసారి నాన్న కట్టించిందంటుంది, ఒకసారి ఊరికే వద్దంటుంది. ముసలావిడ చాదస్తం అనుకున్నారు. పాత పగ ఆవిడకింకా పోలేదు అని కూడా అనుకున్నారు. నిన్న ఆవిడ చేతికి సమ్మెట ఇస్తే, దాన్ని నేలమీద పెట్టి, కుర్చీ లాక్కుని గోడకి వీపానించి కూర్చుంది. చివరికి చిన్నకోడలి భర్తే వెళ్ళి, చెవిలో ఏదో చెప్పి, బుజ్జగించి, కుర్చీతో సహా ఎత్తి మెట్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఎంత ఓపిక ఈయనకి అని చిన్నకోడలు మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆవిడ అదే కుర్చీలో, గదిలో, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది.

“ఏమైనా తిన్నారా మేడత్తా?”

“ఏ పూటకి ఎవరి వాటాయో తెలీడంలేదే. గోడ లేదుగా.”

చిన్నకోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. “దూలానికి పాత బీట ఉందట. ఇంజనీరు చూపించాడు. గోడ కట్టింది ఆ బీట పడ్డాకేనట. మీకు తెలుసా?”

మేడత్త చీర కొంగు అంచు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

“మా తాత పోయాక ఒక ఏడు వచ్చిన గాలివానకి విరిగింది” అంది చివరికి. “నాన్నా, బాబాయీ నిచ్చెన వేసుకుని చూసొచ్చారు. తలుపులు వేసుకుని కూర్చున్నారు. మర్నాటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఎక్కడిదో పొరుగూరి మేస్త్రీని పట్టుకొచ్చి గోడ లేపేశారు.”

“మరి తగువు?”

“తగువూ లేదు, తలకాయా లేదు.” ఆవిడ నవ్వబోయింది, రాలేదు. “మేడని చూసి సరుకిచ్చే రోజులే అవి. ఓడ మేడకి బీటపడిందని తెలిస్తే ఒక్కడు గడప తొక్కేవాడు కాదు. అదే అన్నదమ్ములు కొట్టుకున్నారనుకో. ఏ కొంపలో కొట్టుకోరు? ఊరు నాలుగు రోజులు నవ్వుకుని ఊరుకుంటుంది. దూలం కింద గోడ కావాలి. ఎందుకో ఎవరికీ తెలియకూడదు. అందుకని తగువు పెట్టుకున్నారు.”

“ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదా?”

“ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని చెప్పలేదు. పిన్ని నిజమనుకుంది. మా అమ్మా నిజమనుకుంది. ఇద్దరూ నిజంగానే తిట్టుకున్నారు. ఒకసారి తిట్టుకున్నాక అది ఉత్తుత్తిదెలా అవుతుంది? పిన్ని వాళ్ళ తమ్ముడికి నన్నివ్వాలని అనుకున్నారప్పుడు. ఆ సంబంధం పిన్నే తప్పించేసింది.”

“మీ నాన్నగారు ఊరుకున్నారా?”

“పగవాళ్ళ సంబంధం కోసం పట్టుబడితే ఎందుకని అడగరూ?” మేడత్త కొంగు వదిలేసింది. “ఇదంతా నాకెప్పుడు చెప్పారనుకున్నావు? పోయేముందు. ‘అమ్మా, ఆ గోడని మాత్రం ఎవర్నీ కదపనివ్వకు’ అన్నారు. నా పెళ్ళి గురించి ఒక్క మాట అంటారేమోనని నోటివంకే చూస్తూ కూర్చున్నాను. అన్లేదు.”

చిన్నకోడలికి కళ్ళనీళ్ళు తిరిగాయి. జాలికి మించి కోపం వచ్చింది. “ఒక్క మాట మాకు చెప్తే ఏం పోయేది మేడత్తా? ఊరికే వద్దు వద్దన్నారు. దూలం విరిగిందని ఒక్క మాట! బావగారు ఇవాళ...”

“ఎలా చెప్పమంటావే? ఆ తగువుకే కదా నా బతుకు ఇలా ఆగిపోయింది. అది ఉత్తుత్తి తగువని నా నోటితో నేనే చెప్పుకోనా? అయినా చెప్పకుండా ఎక్కడున్నాను? మీరు సమ్మెటలు తెచ్చుకున్నాక ఇంక ఉండబట్టలేదు. చెప్పేశాను.”

“ఎవరికి?”

“మీ ఆయనకి.”

చిన్నకోడలు తల ఎత్తి చూసింది.

“మొన్న సాయంత్రం. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చోబెట్టి దూలం సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ‘మంచిపని చేశావత్తా, అన్నయ్యతో నేను మాట్లాడతాను, నువ్వింకెవరికీ చెప్పకు’ అన్నాడు. తీరా చూస్తే నిన్న పొద్దున్నే మొదలుపెట్టేశారు. అందుకే వెళ్ళి గోడకానుకుని కూర్చున్నాను. వాడే వచ్చి, ‘ఇంజనీరుకి చూపించామత్తా, ఫరవాలేదన్నాడు’ అని చెవిలో చెప్పి ఎత్తుకొచ్చాడు.” ఆవిడ చిన్నకోడలి మొహంలోకి వంగి చూసింది. “చూపించారు కదే?”

ఇంజనీరు ఆ ఇంటి గడప తొక్కడం ఇవాళే మొదటిసారి. చిన్నకోడలు లేచి ఆవిడ భుజం మీద కొంగు సర్ది బయటికి వచ్చేసింది.

మెట్ల మీద కూర్చుంది. భర్త తనకి తెలిసిన మనిషేనా? అన్నం తినేటప్పుడు పక్కవాడికి వడ్డించారా లేదా అని చూసే మనిషి. ఒకవేళ మేడత్త మతి తప్పి మాట్లాడుతోందేమో. ఒకవేళ ఆయన చాదస్తం అనుకుని నమ్మలేదేమో. నమ్మని మనిషి ఇంజనీరు పేరెందుకు చెప్తాడు? ఎన్నిరకాలుగా సర్దిచెప్పుకున్నా మనసు ఆ గుమ్మం దగ్గరికే వెళ్తోంది. అందరూ హాల్లోపల ఉంటే, ఆయన ఒక్కడే గుమ్మం దగ్గర.

*

ఎస్సై వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా భర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క చేతిసంచీ భుజాన వేసుకుని, ఆస్పత్రికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. చిన్నకోడలు మెట్లు దిగి వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

“ఇంజనీరుగారితో మాట్లాడాను” అన్నాడు ఎస్సై. “గోడ తీస్తే కప్పు పడుతుందని మీలో ఎవరికైనా ముందే తెలుసా?”

“ఎవరికీ తెలీదు సార్” అన్నాడు భర్త. “తెలిస్తే సొంత అన్నలాంటివాణ్ణి దాని కింద నిలబెడతామా?”

“ఆఖరి దెబ్బప్పుడు మీరు హాల్లో లేరట?”

“ఫోనొచ్చింది సార్, ఆఫీసునుంచి. మాట్లాడదామని గుమ్మం దగ్గరికొచ్చాను. అంతలోనే పెద్ద చప్పుడు. ఇంకా నూకలున్నాయి కాబట్టి బతికిపోయాను.”

మాట ఎంత సాఫీగా వచ్చిందంటే, ఎస్సై తల ఊపి అక్క వైపు తిరిగాడు. “మీరు చెప్పండమ్మా.”

“నాకు తెలిసింది ఒక్కటే” అంది అక్క. “మేం మా మానాన బతుకుతున్నాం. కలుద్దాం, కలుద్దాం అని మా చుట్టూ తిరిగింది ఈవిడ. గోడ పడగొడదామన్నది ఈవిడ.” చిన్నకోడలి వైపు చెయ్యి చూపించింది గానీ, మొహం అటు తిప్పలేదు.

“పాపం, దానికేం తెలుసు వదినా. మంచికే అంది” అన్నాడు భర్త. తన భార్య వైపు చూసి, ఊరుకో, నేను చూసుకుంటాను అన్నట్టు కళ్ళతోనే చెప్పాడు.

“మీరేమంటారమ్మా?” అన్నాడు ఎస్సై.

చిన్నకోడలు ఒక అడుగు ముందుకు వేసింది. ఇప్పుడు ఒక్క మాట చాలు, నేనే అన్నానని. తప్పు తన మీద పడుతుంది, అక్క తిడుతుంది, ఏనాటికో మరిచిపోతుంది. కాపురం నిలబడుతుంది. ఒక బీట కనిపించకుండా ఉండడానికి ఒక గోడ కడితే సరిపోతుంది. ఈ ఇంట్లో అది కొత్తేమీ కాదు. మేడత్త కుర్చీలో కొంగు చుట్టుకుంటూ కూర్చోవడం గుర్తొచ్చింది.

“అక్క చెప్పింది నిజమేనండీ. గోడ పడగొడదామన్నది నేనే.”

భర్త కట్టుకున్న చేతులు వదులయ్యాయి.

“కానీ ఈయనకి ఫోను రాలేదండీ.”

“ఏమిటీ?” అన్నాడు ఎస్సై.

“రాలేదు. నేను వీడియో తీస్తున్నాను. నా ఫోనులో ఛార్జింగ్ లేక ఈయన ఫోనుతోనే తీశాను. గోడ పడేటప్పుడు ఆ ఫోను నా చేతిలో ఉంది.”

“ఏం మాట్లాడుతున్నావు? దీనికి నిన్నటినుంచీ మతి సరిగ్గా లేదు సార్...”

“ఆ వీడియో ఈయనే పొద్దున చెరిపేశారు. పైన మేడత్త ఉంది. ఆవిడ్ని అడగండి, మొన్న సాయంత్రం ఈయనతో ఏం చెప్పిందో.”

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. నిన్నటినుంచీ మొదటిసారి అక్క మొహం తిప్పి చిన్నకోడలిని చూసింది. ఆ తరవాత చూపు మెల్లిగా మరిది మీదికి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

ఆమె భుజాన ఉన్న చేతిసంచీలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆస్పత్రి నుంచే అయి ఉంటుంది. అక్క సంచీలో చెయ్యి పెట్టలేదు.

“మరిదిగారూ, మీకు ముందే తెలుసా?” అంది.

ఫోను మోగుతూనే ఉంది.